గాయపడిన కార్మికులపై బీమా సంస్థల నిఘా

నిర్వచనం, పరిధి

పనిలో గాయపడి పరిహారం కోరిన కార్మికుడు చెబుతున్న వైకల్యం ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి బీమా సంస్థ గాని, పరిహార భారాన్ని సొంతంగా మోసే యజమాని గాని, వారు నియమించిన ప్రైవేటు పరిశోధకుడు గాని ఆ కార్మికుడికి తెలియకుండా అతని కదలికలను గమనించి, చిత్రీకరించి, నివేదిక రూపంలో నమోదు చేయడాన్ని బీమా నిఘా అంటారు. పరిహారం కోరుతూ పెట్టుకున్న దరఖాస్తును క్లెయిము అనీ, దాన్ని పెట్టుకున్న వ్యక్తిని క్లెయిముదారు అనీ, ఆ దరఖాస్తును పరిశీలించి ఎంత చెల్లించాలో, ఎప్పటివరకు చెల్లించాలో నిర్ణయించే బీమా ఉద్యోగిని అడ్జస్టరు అనీ వ్యవహరిస్తారు.

చట్టప్రకారం తప్పనిసరి అయిన కార్మిక పరిహార బీమా, పని ప్రమాదాలపై న్యాయస్థానాల్లో వేసే నష్టపరిహార దావాలు, పని చేయలేని కాలానికి ఆదాయం చెల్లించే వైకల్య బీమా ఈ మూడూ నిఘా జరిగే ప్రధాన రంగాలు. పని స్థలంలో యజమాని అమర్చే సీసీ కెమెరాలు, పోలీసులు జరిపే నేర పరిశోధన ఈ నిర్వచనంలోకి రావు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, స్విట్జర్లాండ్ దేశాల్లో ఈ పద్ధతి స్థిరపడి, దానిపై విస్తృతమైన న్యాయచరిత్ర ఏర్పడింది. భారతదేశంలో పరిహార వ్యవస్థ నిర్మాణం వేరు కావడం వల్ల వివాదాల స్వరూపం కూడా కొంత వేరుగా ఉంటుంది (చూ. భారతదేశంలో స్థితి).

చారిత్రక నేపథ్యం

పారిశ్రామికీకరణ తొలి దశలో ఆంగ్ల న్యాయ సంప్రదాయం ఉన్న దేశాల్లో గాయపడిన కార్మికుడు యజమానిపై దావా వేసి, అతని నిర్లక్ష్యాన్ని తానే రుజువు చేయవలసి ఉండేది. ప్రమాదంలో కార్మికుడి తప్పు కూడా ఉందనీ, తోటి కార్మికుడి పొరపాటే కారణమనీ, పనిలోని అపాయం తెలిసే అతడు చేరాడనీ యజమాని వాదించి బాధ్యత నుంచి బయటపడే అవకాశం ఉండేది. జర్మనీ 1884లో చేసిన ప్రమాద బీమా చట్టం, బ్రిటన్ 1897లో చేసిన కార్మిక పరిహార చట్టం ఈ స్థితిని మార్చి, తప్పు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా పరిహారం చెల్లించే విధానానికి పునాది వేశాయి.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం 1910లో చేసిన చట్టాన్ని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1911 మార్చి 24న కొట్టివేయగా, మరునాడే న్యూయార్క్ నగరంలోని ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 146 మంది మరణించారు. అదే ఏడాది విస్కాన్సిన్ రాష్ట్రం చేసిన చట్టం నిలబడింది. 1917లో అమెరికా సుప్రీంకోర్టు న్యూయార్క్ కొత్త చట్టాన్ని సమర్థించిన తరువాత మిగిలిన రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఈ మార్గంలోకి వచ్చాయి. చివరిదైన మిసిసిపీ 1948లో చట్టం చేసింది. కార్మికుడు యజమానిపై దావా వేసే హక్కును వదులుకోవడం, అందుకు బదులుగా పరిమితమైనదే అయినా ఖాయమైన పరిహారం పొందడం అనే ఈ ఏర్పాటును అమెరికా న్యాయ సాహిత్యంలో మహా ఒడంబడిక అంటారు.

నిఘాకు చోటు ఏర్పడింది ఈ ఒడంబడిక స్వభావం నుంచే. తప్పు ఎవరిదన్న ప్రశ్న తొలగిపోవడంతో గాయం పనిలోనే తగిలిందా, దాని తీవ్రత ఎంత, కార్మికుడు తిరిగి పనికి ఎప్పుడు వెళ్లగలడు అన్న మూడు ప్రశ్నలే వివాదాంశాలుగా మిగిలాయి. అమెరికాలోని అత్యధిక రాష్ట్రాల్లో వారపు సగటు వేతనంలో మూడింట రెండు వంతులు వైకల్య భృతిగా, పని చేయలేని కాలమంతా చట్టం విధించిన పరిమితులకు లోబడి చెల్లించవలసి ఉంటుంది కనుక, ఆ కాలాన్ని కొలవడంలో బీమా సంస్థకు నేరుగా ఆర్థిక ప్రయోజనం ఉంటుంది.

నిఘా చేసే వృత్తి మాత్రం పరిహార చట్టాల కంటే పాతది. 1850లో షికాగోలో అలన్ పింకర్టన్ స్థాపించిన డిటెక్టివ్ సంస్థ రైల్వే కంపెనీలకు సేవలందిస్తూ ఎదిగి, 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కార్మికుల సమ్మెను ఎదుర్కోవడానికి యజమానుల పక్షాన దిగింది. ప్రైవేటు పరిశోధకుల పట్ల అమెరికా కార్మిక సంఘాల్లో నాటుకున్న అపనమ్మకానికి ఈ చరిత్ర ఒక కారణం. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో చేతిలో ఇమిడే సినిమా కెమెరాలు, 1980ల నుంచి వీడియో కెమెరాలు అందుబాటులోకి రావడంతో పరిశోధకుడి నోటిమాట స్థానాన్ని చిత్రం ఆక్రమించింది. కాలిఫోర్నియా 1991లో కార్మిక పరిహార మోసాన్ని తీవ్ర నేరంగా ప్రకటించింది. 1992లో అమెరికా బీమా సంస్థల ఉమ్మడి వేదికగా జాతీయ బీమా నేరాల బ్యూరో ఏర్పడింది. బీమా కంపెనీల్లో ప్రత్యేక పరిశోధన విభాగాలు, అంటే అనుమానాస్పద క్లెయిములను మాత్రమే చూసే సిబ్బంది బృందాలు, ఈ దశలోనే విస్తరించాయి.

నిఘాకు దారితీసే పరిస్థితులు

ప్రతి క్లెయిముపైనా నిఘా పెట్టడం ఖర్చుతో కూడుకున్న పని కనుక బీమా సంస్థలు కొన్ని సూచికల ఆధారంగా క్లెయిములను ఎంచుకుంటాయి. ప్రమాదానికి సాక్షులు లేకపోవడం, సెలవు రోజు తరువాతి ఉదయమే గాయం గురించి చెప్పడం, ఉద్యోగం నుంచి తొలగిస్తున్నట్లు తెలిశాక క్లెయిము పెట్టడం, ప్రమాదం జరిగిన తీరును వేర్వేరు చోట్ల వేర్వేరుగా వివరించడం, పగటివేళ ఇంట్లో అందుబాటులో లేకపోవడం, వైద్యుడి వద్దకు వెళ్లవలసిన రోజులను దాటవేయడం వీటిలో ముఖ్యమైనవి. కండరాలు, స్నాయువులు, వెన్ను వంటి మృదు కణజాల గాయాలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించవు కనుక, అలాంటి క్లెయిములు ఎముక విరిగిన కేసుల కంటే ఎక్కువగా అనుమానానికి గురవుతాయి.

క్లెయిము కోసం భవిష్యత్తులో చెల్లించవలసి వస్తుందని అంచనా వేసి బీమా సంస్థ పక్కన పెట్టే మొత్తాన్ని నిల్వ అంటారు. ఈ నిల్వ పెద్దదైన కొద్దీ, అనుమానం స్వల్పమే అయినా, నిఘాకు అయ్యే ఖర్చు సంస్థకు సమంజసంగా కనిపిస్తుంది. తుది ఒప్పందానికి ముందు గాని, విచారణ తేదీ దగ్గరపడినప్పుడు గాని నిఘాను ఆదేశించడం సాధారణం.

ఈ సూచికల్లో ఏదీ మోసానికి రుజువు కాదు. ఒంటరిగా పని చేసేవారికి సాక్షులు ఉండరు; శుక్రవారం మొదలైన నొప్పి తగ్గుతుందని ఎదురుచూసి సోమవారం చెప్పేవారు ఉంటారు; ఉద్యోగం పోతుందన్న భయంతో గాయాన్ని దాచి, ఉద్యోగం పోయాక బయటపెట్టేవారూ ఉంటారు. అందువల్ల సూచికలను తదుపరి పరిశీలనకు కారణాలుగా మాత్రమే చూడాలని పరిశోధన విభాగాల శిక్షణలోనూ చెబుతారు.

నిఘా రకాలు

భౌతిక నిఘా: పరిశోధకుడు క్లెయిముదారు ఇంటి సమీపంలో వాహనంలో ఉండి గమనించడం, అతడు బయలుదేరినప్పుడు వెంబడించి దుకాణాలు, వ్యాయామశాలలు, ప్రార్థనా స్థలాలు, మైదానాల వద్ద చిత్రీకరించడం అత్యంత పాత పద్ధతి. మనిషి లేకుండా నిలిపి ఉంచిన వాహనంలోని కెమెరాతో రోజుల తరబడి చిత్రీకరించే పద్ధతి కూడా వాడుకలో ఉంది.

ఇరుగుపొరుగు విచారణ: క్లెయిముదారు దినచర్య, మరొక ఉద్యోగం, శారీరక శ్రమ గురించి చుట్టుపక్కలవారిని అడిగి తెలుసుకోవడం ఇది. ఖర్చు తక్కువైనా, ఊళ్లో వ్యక్తి పరువుకు భంగం కలిగించే అవకాశం దీనిలో ఎక్కువ.

అంతర్జాల నిఘా: సామాజిక మాధ్యమాల్లోని ఫొటోలు, వ్యాఖ్యలు, వ్యాయామ యాప్‌లలోని వివరాలు, ఆటల పోటీల ఫలితాలు, వ్యాపార ప్రకటనలు సేకరించడం. 2000ల చివరి నుంచి ఇది దర్యాప్తులో తొలి మెట్టుగా మారింది.

రికార్డుల పరిశీలన: గత క్లెయిములు, కోర్టు దావాలు, వాహనాల నమోదు, వ్యాపార లైసెన్సులు చూడడం. అమెరికాలో 1994 నాటి వాహనచోదకుల గోప్యతా చట్టం బీమా క్లెయిముల దర్యాప్తు కోసం వాహన నమోదు వివరాలు పొందడాన్ని అనుమతిస్తుంది.

మారువేషపు పలకరింపు: మార్కెట్ సర్వే చేసేవాడిగానో, సరుకు కొనేవాడిగానో నటించి క్లెయిముదారుతో మాట్లాడడం. బ్యాంకు ఖాతా వివరాలను ఇలా అబద్ధం చెప్పి సేకరించడాన్ని అమెరికా 1999లోనూ, టెలిఫోను రికార్డులను అలా సేకరించడాన్ని 2006లోనూ చట్టాల ద్వారా నిషేధించింది.

స్థానాన్ని పసిగట్టే పరికరాలు: వాహనానికి రహస్యంగా జీపీఎస్ పరికరం అమర్చడాన్ని కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు వాహన యజమాని సమ్మతి లేకుంటే నేరంగా పరిగణిస్తాయి.

నిర్వహణ క్రమం

అడ్జస్టరు లేదా ప్రత్యేక పరిశోధన విభాగం లైసెన్సు పొందిన పరిశోధన సంస్థకు పని అప్పగించడంతో నిఘా మొదలవుతుంది. క్లెయిముదారు రూపురేఖలు, చిరునామా, వాహనం, గాయం స్వరూపం, వైద్యుడు విధించిన పని పరిమితులు, వైద్య పరీక్షల తేదీలు పరిశోధకుడికి అందుతాయి. పని పరిమితి అంటే ఇంత బరువుకు మించి ఎత్తరాదు, భుజం కంటే పైకి చెయ్యి లేపరాదు, ఇంతసేపు మించి నిలబడరాదు వంటి నిర్దిష్టమైన సూచన. పరిశోధకుడి కెమెరా వెతికేది ఈ పరిమితులకు విరుద్ధంగా కనిపించే కదలికలనే.

సాధారణంగా నిఘాకు కొద్ది రోజుల అనుమతే ఇస్తారు. పరిశోధకుడు తెల్లవారుజామునే చేరుకుని, క్లెయిముదారు ఇంటి నుంచి బయటికి వచ్చే సమయం, వాహనం ఎక్కే తీరు, మోసే వస్తువులు, వాడే చేతికర్ర లేదా పట్టీ వంటి వివరాలను తేదీ, సమయం ముద్రపడే వీడియోలో నమోదు చేస్తాడు. బీమా సంస్థ ఎంచుకున్న వైద్యుడు జరిపే స్వతంత్ర వైద్య పరీక్ష రోజున నిఘా తరచుగా జరుగుతుంది. క్లెయిముదారు ఎక్కడికి, ఎప్పుడు వస్తాడో ముందే తెలిసి ఉండడం అందుకు ఒక కారణం కాగా, పరీక్ష గదిలో అతని నడకను, బయట అదే రోజు నడిచిన తీరును పోల్చి చూపే అవకాశం దొరకడం మరొక కారణం. ఆ తరువాత తయారయ్యే నివేదిక గంటల క్రమంలో ఉండాలనీ, అభిప్రాయాలు లేకుండా చూసినదే చెప్పాలనీ, ఏమీ కనిపించని గంటలను కూడా నమోదు చేయాలనీ వృత్తి ప్రమాణాలు కోరుతాయి.

సాక్ష్యంగా వినియోగం, దాని పరిమితులు

నిఘా చిత్రాలు నాలుగు విధాలుగా ఉపయోగపడతాయి. మొదటిది, ఒప్పందపు చర్చల్లో క్లెయిముదారును తక్కువ మొత్తానికి అంగీకరింపజేయడం. రెండవది, చికిత్స చేస్తున్న వైద్యుడికి లేదా స్వతంత్ర వైద్యుడికి చూపి వైకల్యంపై అభిప్రాయాన్ని మార్చమని అడగడం. మూడవది, విచారణలో క్లెయిముదారు ప్రమాణపూర్వకంగా చెప్పిన మాటకు, వీడియోలోని ప్రవర్తనకు మధ్య వైరుధ్యాన్ని చూపడం. నాలుగవది, మోసం కేసు నమోదుకు ప్రభుత్వ అధికారులకు పంపడం. న్యూయార్క్ కార్మిక పరిహార చట్టంలోని 114-ఎ సెక్షను ప్రకారం పరిహారం కోసం తెలిసి అబద్ధం చెప్పినవారు భృతికి అనర్హులవుతారు. కాలిఫోర్నియాలో ఇదే నేరానికి 5 ఏళ్ల వరకు జైలుశిక్ష, 1,50,000 డాలర్లు లేదా మోసం చేసిన మొత్తానికి రెట్టింపు, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా విధించవచ్చు.

నిజమైన అతిశయోక్తిని బయటపెట్టడంలో నిఘా ఎంత సమర్థమో బ్రిటన్‌లోని ఫెయిర్‌క్లో హోమ్స్ కేసు చూపుతుంది. 2003లో పనిలో గాయపడిన ఒక కార్మికుడు 8,38,616 పౌండ్లు కోరగా, రహస్య చిత్రీకరణలో అతడు చెప్పినంత వైకల్యం లేదని తేలడంతో న్యాయస్థానం చివరికి 88,716 పౌండ్ల పైచిలుకు మాత్రమే మంజూరు చేసింది. మొత్తం దావాను కొట్టివేయాలన్న బీమా పక్షం వాదనను 2012లో బ్రిటన్ సుప్రీంకోర్టు పరిశీలించి, అలా చేసే అధికారం కోర్టుకు ఉన్నా అసాధారణ పరిస్థితుల్లోనే వాడాలని చెప్పి, నిజంగా తగిలిన గాయానికి దక్కిన పరిహారాన్ని నిలబెట్టింది. 2015లో వచ్చిన చట్టం 57వ సెక్షను ఈ స్థితిని మార్చి, క్లెయిముదారు మౌలికంగా నిజాయితీ తప్పాడని తేలితే, అతనికి తీవ్ర అన్యాయం జరిగే సందర్భంలో తప్ప, మొత్తం దావాను కొట్టివేయాలని నిర్దేశించింది.

వీడియో చూపగలిగేది ఒక క్షణంలో జరిగిన చేష్టను మాత్రమే. ఆ చేష్టకు పట్టిన శ్రమను, అది చేస్తున్నప్పుడు కలిగిన నొప్పిని, మరునాడు మంచం దిగలేకపోయిన స్థితిని కెమెరా చూపలేదు. వెన్ను, మెడ గాయాల్లో లక్షణాలు రోజురోజుకూ మారుతుంటాయి కనుక, రెండు మంచి రోజుల్లో తీసిన చిత్రం నెల మొత్తానికి ప్రతినిధి కాకపోవచ్చు. ఎత్తిన సంచిలో ఎంత బరువుందో చిత్రం చెప్పదు. పది నిమిషాలు తోటపని చేయగలగడం రోజుకు 8 గంటలు, వారానికి 5 రోజులు పని చేయగలగడంతో సమానం కాదు. పదుల గంటల నిఘాలోంచి కొద్ది నిమిషాలను ఏరి కూర్చినప్పుడు మిగిలిన గంటల్లోని నిశ్చలత్వం కనుమరుగవుతుంది. అన్నదమ్ములను, ఒకే పోలిక ఉన్నవారిని చూసి పొరబడే ప్రమాదమూ ఉంది. మానసిక గాయాలు, దీర్ఘకాలిక నొప్పి విషయంలో బయటికి మామూలుగా కనిపించడం వైకల్యం లేదనడానికి నిదర్శనం కాదు.

ఈ కారణాల వల్లే పూర్తి చిత్రాన్ని ఎదుటి పక్షానికి ఇవ్వాలన్న నియమానికి ప్రాముఖ్యం ఏర్పడింది. న్యూయార్క్ రాష్ట్రం 1993లో సివిల్ విచారణ నియమాలను సవరించి, విచారణలో వాడని భాగాలతో సహా నిఘా చిత్రాలన్నింటినీ దావాలోని ఎదుటి పక్షానికి వెల్లడించాలని నిర్దేశించింది.

చట్టపరమైన హద్దులు: అమెరికా

గాయానికి పరిహారం కోరిన వ్యక్తి తన క్లెయిముపై సమంజసమైన విచారణ జరుగుతుందని ఊహించవలసిందేననీ, బహిరంగ స్థలంలో జరిపే పరిశీలన దానంతటదే గోప్యతా భంగం కాదనీ పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 1963లో ఒక వాహన ప్రమాద కేసులో తీర్పు చెప్పింది. అదే ఏడాది జార్జియా అప్పీలు కోర్టు, క్లెయిముదారు ఇంటి కిటికీల్లోంచి తొంగిచూడడం, చాటుగా మాటలు వినడం, ఇరుగుపొరుగుకు తెలిసేలా వెంటాడడం వంటి చర్యలపై దావా వేయవచ్చని తేల్చింది. ఆ తరువాతి తీర్పులన్నీ దాదాపుగా ఈ రెండు కొసల మధ్యే నడిచాయి.

కార్మిక పరిహారానికి సంబంధించి ఒరెగాన్ సుప్రీంకోర్టు 1975లో ఇచ్చిన తీర్పు తరచుగా ఉదాహరణకు వస్తుంది. బరువైన పిండి బస్తా మోస్తూ పడి వెన్ను దెబ్బతిన్న కార్మికుడు తన ఇంటి ఆవరణలో గడ్డి కోయడం, తోట దున్నడం వంటి పనులను పరిశోధకులు చిత్రీకరించారు. ఆ పనులు దారినపోయేవారికీ, పొరుగువారికీ కనిపించేవే కనుక గోప్యతా భంగం జరగలేదని కోర్టు భావించింది. అయితే పరిశోధకుడు కార్మికుడి స్థలంలోకి అడుగుపెట్టడం అక్రమ ప్రవేశమేనని గుర్తించింది. కనిపించే చోటు, నిలబడిన చోటు రెండూ వేర్వేరు ప్రశ్నలన్న సూత్రం దీనితో స్థిరపడింది.

కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1708.8 సెక్షను వ్యక్తిగత, కుటుంబ కార్యకలాపాలను అక్రమంగా చిత్రీకరించడాన్ని శిక్షార్హం చేస్తూనే, బీమా మోసంపై స్పష్టంగా వివరించగల అనుమానంతో జరిపే చట్టబద్ధ దర్యాప్తును మినహాయించింది. సంభాషణను రికార్డు చేయడానికి మాట్లాడుకునే వారందరి సమ్మతి అవసరమైన రాష్ట్రాలు ఉన్నందున నిఘా వీడియోలను సాధారణంగా శబ్దం లేకుండా తీస్తారు. 1996 నాటి ఆరోగ్య సమాచార చట్టం కింద వచ్చిన నియమాలు కార్మిక పరిహార చట్టాలకు అవసరమైన మేరకు వైద్య వివరాలు ఇవ్వడాన్ని అనుమతించడం వల్ల, క్లెయిము పెట్టిన కార్మికుడి వైద్య గోప్యత కూడా ఇతరుల కంటే పరిమితంగా ఉంటుంది.

సామాజిక మాధ్యమాల విషయంలో బహిరంగంగా ఉంచిన సమాచారాన్ని చూడడం అనుమతించిన పనే. ఆర్కాన్సాస్ అప్పీలు కోర్టు 2012లో, హెర్నియా గాయానికి భృతి పొడిగించాలని కోరిన కార్మికుడు విందులో పాల్గొన్న ఫొటోలను సాక్ష్యంగా స్వీకరించడాన్ని సమర్థించింది. ఒక సాక్షి తన పేజీని స్నేహితులకే పరిమితం చేసినప్పుడు, ఉద్దేశం దాచి మూడో వ్యక్తి చేత స్నేహ అభ్యర్థన పంపించడం న్యాయవాది వృత్తి నీతికి విరుద్ధమని ఫిలడెల్ఫియా న్యాయవాదుల సంఘం 2009లో అభిప్రాయపడింది.

చట్టపరమైన హద్దులు: కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా

కెనడాలోని క్యూబెక్ అప్పీలు కోర్టు 1999లో బ్రిడ్జ్‌స్టోన్ ఫైర్‌స్టోన్ కార్మిక సంఘం కేసులో రెండు షరతులు పెట్టింది. నిఘా మొదలుపెట్టే ముందే హేతుబద్ధమైన కారణాలు ఉండాలి. ఎంచుకున్న పద్ధతి సమంజసంగా, వీలైనంత తక్కువ చొరబాటుతో ఉండాలి. అనుమానాన్ని నిఘా ద్వారా పుట్టించరాదు, అనుమానం ఉంటేనే నిఘా జరగాలి అన్నది ఈ తీర్పు సారాంశం. కెనడా గోప్యతా కమిషనర్ కార్యాలయం 2009లో విడుదల చేసిన మార్గదర్శకాలు ప్రైవేటు రంగంలో రహస్య వీడియో చిత్రీకరణను ఇతర మార్గాలు విఫలమైనప్పుడు మాత్రమే వాడాలని సూచించాయి.

బ్రిటన్‌లో 2003లో అప్పీలు కోర్టు పరిష్కరించిన వార్విక్ విశ్వవిద్యాలయం కేసులో, మణికట్టుకు గాయమైన ఉద్యోగిని ఇంట్లోకి ఒక పరిశోధకురాలు మార్కెట్ సర్వే పేరుతో ప్రవేశించి రహస్యంగా చిత్రీకరించింది. ఆ చిత్రాన్ని సాక్ష్యంగా స్వీకరించినా, ఆ పద్ధతిని తప్పుపడుతూ కోర్టు ఖర్చుల విషయంలో ప్రతివాది పక్షానికి శిక్ష వేసింది.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర మార్గదర్శకాలు, తక్కువ చొరబాటు గల మార్గాల్లో సమాచారం దొరకనప్పుడు మాత్రమే నిఘాను ఆశ్రయించాలని బీమా సంస్థలను కోరుతాయి. 2018లో ఆర్థిక సేవల రంగంపై జరిగిన రాయల్ కమిషన్ విచారణలో, మానసిక అనారోగ్యంతో ఆదాయ బీమా పొందుతున్న పాలసీదారుపై ఒక జీవిత బీమా సంస్థ జరిపిన నిఘా బహిరంగ పరిశీలనకు వచ్చింది.

చట్టపరమైన హద్దులు: స్విట్జర్లాండ్, ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం

స్విట్జర్లాండ్‌లో రోడ్డు ప్రమాదంలో గాయపడిన మహిళపై చట్టబద్ధమైన ప్రమాద బీమా సంస్థ 2006 అక్టోబరులో 4 రోజులు రహస్య నిఘా జరిపించింది. ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2016 అక్టోబరు 18న తీర్పునిస్తూ, నిఘాను ఎప్పుడు, ఎంతకాలం, ఎవరి అనుమతితో జరపాలో, సేకరించిన సమాచారాన్ని ఎలా భద్రపరచాలో దేశీయ చట్టం స్పష్టంగా చెప్పనందున వ్యక్తిగత జీవిత గౌరవానికి హామీ ఇచ్చే 8వ అధికరణం భంగమైందని తేల్చింది. అయితే ఆ సాక్ష్యం వాడినంత మాత్రాన న్యాయవిచారణ హక్కుకు భంగం కలగలేదని చెప్పింది. ప్రైవేటు బీమా పక్షం తీయించిన వీడియోకు సంబంధించి 2014లో స్పెయిన్ కేసులో అదే న్యాయస్థానం హక్కుల ఉల్లంఘన లేదని భావించింది.

2016 నాటి తీర్పు తరువాత స్విస్ పార్లమెంటు 2018లో నిఘాకు చట్టపరమైన ఆధారం కల్పించగా, పౌరుల చొరవతో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 2018 నవంబరు 25న దాదాపు 65 శాతం ఓటర్లు ఆ చట్టాన్ని ఆమోదించారు. 2019 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నియమాల ప్రకారం నిర్దిష్టమైన అనుమానం ఉండాలి. బహిరంగ స్థలంలో గాని, అక్కడి నుంచి స్వేచ్ఛగా కనిపించే చోట గాని మాత్రమే చిత్రీకరించాలి. 6 నెలల కాలంలో 30 రోజులకు మించరాదు. స్థానాన్ని పసిగట్టే పరికరాలకు న్యాయస్థానం అనుమతి కావాలి. నిఘా ముగిశాక ఆ వ్యక్తికి తెలియజేయాలి.

భారతదేశంలో స్థితి

భారతదేశంలో 1923 నాటి కార్మిక పరిహార చట్టం 1924 జులై 1న అమల్లోకి వచ్చి, 2009 సవరణతో ఉద్యోగుల పరిహార చట్టంగా పేరు మార్చుకుంది. 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం (ఈఎస్‌ఐ) వేతన పరిమితిలోపు ఉన్నవారికి ప్రభుత్వ సంస్థ ద్వారా వైద్యం, నగదు భృతి ఏర్పాటు చేసింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతిలో ఈ రెండు చట్టాల విషయాలనూ చేర్చారు.

1923 చట్టం మొదటి షెడ్యూలు కొన్ని గాయాలకు సంపాదన శక్తి నష్టాన్ని ముందే శాతంలో నిర్ణయించింది. ఉదాహరణకు చేతి బొటనవేలు కోల్పోతే 30 శాతం, రెండో కన్ను సాధారణంగా ఉండి ఒక కన్ను పోతే 40 శాతం. అంగం పోయిందా లేదా అన్నది కంటికి కనిపించే విషయం కనుక ఇలాంటి కేసుల్లో నిఘాకు పని ఉండదు. షెడ్యూలులో లేని గాయాలకు అర్హత గల వైద్యుడు సంపాదన శక్తి నష్టాన్ని అంచనా వేయాలి కనుక, వివాదం ప్రధానంగా ఆ వైద్యుడి క్రాస్ ఎగ్జామినేషన్ చుట్టూ తిరుగుతుంది. మోచేతి పైన ఎడమచెయ్యి తొలగించిన వడ్రంగి ఆ వృత్తి చేయలేడు కనుక అతనిది సంపూర్ణ వైకల్యమేనని సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో చెప్పింది. శరీరం ఏ కొద్ది పని చేయగలదన్నది కాక, బతుకుతెరువుగా చేసిన పనిని చేయగలదా అన్నదే కొలమానమని ఈ తీర్పు స్థిరపరచింది.

ఈఎస్‌ఐ విధానంలో తాత్కాలిక వైకల్యానికి సగటు రోజువారీ వేతనంలో 90 శాతం భృతి ఉంటుంది. శాశ్వత వైకల్యాన్ని వైద్య మండలి నిర్ణయిస్తుంది. 1948 చట్టం 64వ సెక్షను భృతి పొందేవారు వైద్యుల పర్యవేక్షణలోనే ఉండాలనీ, కోలుకోవడానికి ఆటంకమయ్యే పనులు చేయరాదనీ, అనుమతి లేకుండా చికిత్స జరిగే ప్రాంతాన్ని వదిలి వెళ్లరాదనీ షరతులు పెట్టింది. అంటే ఇక్కడ కట్టడి రహస్య కెమెరాతో కాక బహిరంగ నియమంతో జరిగింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉద్యోగుల పరిహార కేసులను కార్మిక శాఖకు చెందిన కమిషనర్ హోదా గల అధికారులు విచారిస్తారు. యజమాని తీసుకున్న పాలసీ మేరకు సాధారణ బీమా కంపెనీలు ప్రతివాదులుగా నిలిచి, ప్రమాదం జరిగిందా, గాయపడిన వ్యక్తి నిజంగా ఆ యజమాని దగ్గర పని చేశాడా, వేతనం ఎంత అన్న అంశాలపై పరిశోధకుల ద్వారా సమాచారం సేకరిస్తాయి. కాంట్రాక్టు కార్మికులు, లారీ క్లీనర్లు, భవన నిర్మాణ కూలీల విషయంలో నియామక పత్రాలు లేకపోవడం వల్ల వివాదం వైకల్యం దాకా రాకముందే ఉద్యోగ సంబంధం దగ్గరే మొదలవుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2013లో బీమా మోసాల పర్యవేక్షణకు మార్గదర్శక చట్రాన్ని జారీ చేసింది.

ప్రైవేటు డిటెక్టివ్ సంస్థల నియంత్రణకు 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కాలేదు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించి, దానిలో జోక్యానికి చట్టం, న్యాయమైన ప్రయోజనం, అనులోమత అవసరమని చెప్పింది. అనులోమత అంటే ప్రయోజనానికి తగినంత మేరకే జోక్యం ఉండడం. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. వీడియో వంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం జతచేయాలన్న నియమం 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షనులో ఉంది.

ప్రయోజనాలు, ప్రభావాలు

నిఘాను సమర్థించేవారు, తప్పుడు క్లెయిములకు చెల్లించే ప్రతి రూపాయి చివరికి యజమానుల ప్రీమియంలోనో, నిజమైన బాధితుల భృతి కోతలోనో ప్రతిఫలిస్తుందనీ, నోటిమాటపై నడిచే వివాదంలో వీడియో తటస్థమైన ఆధారమనీ, క్లెయిముదారు చెప్పినది నిజమేనని నిఘా తేల్చిన సందర్భాలూ ఉంటాయనీ వాదిస్తారు.

విమర్శకులు మూడు అంశాలు ప్రస్తావిస్తారు. మొదటిది, నిజమైన గాయం ఉన్నవారు కూడా తమను ఎవరో చూస్తున్నారన్న భయంతో నడక, వ్యాయామం, పిల్లలతో ఆడడం మానుకోవడం వల్ల కోలుకోవడమే ఆలస్యమవుతుంది. క్యూబెక్ కార్మికులపై కేథరిన్ లిపెల్ 2007లో ప్రచురించిన పరిశోధన, పరిహార ప్రక్రియలోని అపనమ్మకం, నిఘా కార్మికుల మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీసే అంశాల్లో ఉన్నాయని చూపింది. రెండవది, కెమెరాకు అదే ఫ్రేములో చిక్కే కుటుంబ సభ్యులు, పిల్లలు ఏ క్లెయిమూ పెట్టనివారు. మూడవది, మోసం కార్మికుల వైపు నుంచే రాదు. ఉద్యోగులను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూపడం, వేతన పట్టీలను తగ్గించి రాయడం, ప్రమాదకరమైన పనిని తేలికపాటి పనిగా నమోదు చేయడం ద్వారా యజమానులు ఎగవేసే ప్రీమియం కూడా అమెరికా చట్టాల్లో కార్మిక పరిహార మోసమే. దానిని పట్టుకోవడానికి ఖాతాల తనిఖీ అవసరం కాగా, కార్మికుడిని పట్టుకోవడానికి కెమెరా చాలు కనుక దృష్టి రెండోదానిపై పడుతుందన్నది కార్మిక సంఘాల అభ్యంతరం.

మూల్యాంకనం

వేర్వేరు దేశాల న్యాయస్థానాలు, శాసనసభలు వేర్వేరు మార్గాల్లో నడిచినా వాటి నిర్ణయాలు కొన్ని ఉమ్మడి సూత్రాల వైపు చేరుతున్నాయి. నిఘాకు ముందే నిర్దిష్టమైన అనుమానం ఉండాలి, తక్కువ చొరబాటుతో తేలే విషయానికి నిఘా పెట్టరాదు, ఇంటి లోపలికి కెమెరా చేరరాదు, మోసంతో ప్రవేశించరాదు, తీసిన చిత్రమంతా ఎదుటి పక్షానికి అందాలి, చిత్రానికి అర్థం వైద్యుడు చెప్పాలి తప్ప అడ్జస్టరు కాదు. ఈ షరతులు పాటించిన నిఘా పరిహార నిధిని కాపాడే సాధనం. పాటించనిది గాయపడిన మనిషి బలహీనతను వాడుకుని అతనిపై ఒత్తిడి తెచ్చే సాధనం. భారతదేశంలో ప్రైవేటు పరిశోధకుల లైసెన్సుకు, బీమా నిఘా హద్దులకు ప్రత్యేక కేంద్ర చట్టమేదీ లేదు.